ఇంట్లో మొరాయించి, షాపులో ఆన్ అయ్యే కంప్యూటర్

కరీంనగర్‌లోనో, మంచిర్యాలలోనో, ఆదిలాబాద్‌లోనో కంప్యూటర్ రిపేరు షాపులో ఓ పూట కూర్చుంటే ఈ ఫిర్యాదు తప్పకుండా వినిపిస్తుంది. "అన్నా, నీ దగ్గరికి తెస్తే మంచిగనే ఆన్ అయితది. ఇంటికి తీస్కపోయినంక మల్ల గదే కత." షాపతను బటన్ నొక్కుతాడు. ఫ్యాన్ తిరుగుతుంది, తెర వెలుగుతుంది, విండోస్ వచ్చేస్తుంది. ఆపి మళ్లీ నొక్కుతాడు, మళ్లీ వస్తుంది. ర్యామ్ తీసి తుడిచి పెట్టి, లోపల దుమ్ము ఊది పంపించేస్తాడు. మర్నాడు పొద్దున ఇంట్లో ఆ యంత్రం ఉలకదు, పలకదు.

ఇద్దరూ నిజమే చెబుతున్నారు. పూర్తిగా చచ్చిపోయిన కంప్యూటర్‌ను బాగుచేయడం తేలిక. ఒక్కో భాగాన్నీ మార్చి చూస్తూ పోతే ఎక్కడో ఒకచోట ప్రాణం వస్తుంది. ఒకరోజు ఆన్ అయి మరోరోజు కానిదే కష్టం, ఎందుకంటే దాని లోపం యంత్రంలో సగమే ఉంటుంది. మిగతా సగం ఇంట్లో ఉంటుంది: ఆ గది చలిలో, ఆ వీధి వోల్టేజిలో, గోడ ప్లగ్గులో, పెరట్లోని ఎర్తింగ్ గుంటలో. పెట్టెను బండి మీద పెట్టుకుని షాపుకు తీసుకెళ్లినప్పుడు ఆ రెండో సగం ఇంట్లోనే ఉండిపోతుంది.

హైదరాబాద్‌లో 1967లో ఏర్పడిన ఈసీఐఎల్ తొలినాళ్లలో టీడీసీ-12 లాంటి కంప్యూటర్లు తయారుచేసినప్పుడు, అలాంటి యంత్రాలకు చల్లటి గది, నిలకడైన కరెంటు ముందే అమర్చేవారు. పరిసరాలను అలా అదుపులో పెట్టాక చెడిందంటే చెడింది యంత్రమే. ఇవాళ కంప్యూటర్ గోదావరిఖని సింగరేణి క్వార్టర్‌లోనూ ఉంది, సిర్పూర్‌లో రేకుల ఇంట్లోనూ ఉంది, సిరిసిల్లలో సాంచెల (మరమగ్గాల) షెడ్డు పక్క గదిలోనూ ఉంది. ఆ గదికి మనం ఏ హామీ ఇవ్వలేదు. అందుకే ఇంట్లో కంప్యూటర్ అప్పుడప్పుడు మొరాయిస్తుంటే "ఏం పాడైంది?" అనే ప్రశ్న రెండోది. "ఎప్పుడు మొరాయిస్తోంది?" అనేది మొదటిది.

బటన్ నొక్కిన తొలి అర సెకను

మనవాళ్లు సీపీయూ అని పిలిచే ఆ పెట్టె మీద ఉన్న బటన్ నిజానికి కరెంటును కలిపే స్విచ్ కాదు. 1995లో ఇంటెల్ ప్రవేశపెట్టిన ఏటీఎక్స్ పద్ధతి వచ్చాక అది మదర్‌బోర్డ్‌కు పంపే కబురు మాత్రమే. గోడ మీది స్విచ్ వేయగానే, పెట్టెలోని భాగాలకు కరెంటు అందించే ఎస్ఎంపీఎస్‌లో ఒక చిన్న విభాగం మేల్కొని 5 వోల్టుల స్టాండ్‌బై సరఫరా ఇస్తూ ఉంటుంది. ఆ కొద్దిపాటి కరెంటుతో మదర్‌బోర్డ్ బటన్ కోసం కాచుకుని ఉంటుంది. మీరు నొక్కగానే అది ఎస్ఎంపీఎస్‌కు వెళ్లే ఆకుపచ్చ తీగను సున్నా వోల్టులకు దించుతుంది. అప్పుడు ఎస్ఎంపీఎస్ పూర్తిగా లేచి 12, 5, 3.3 వోల్టుల సరఫరాలను పైకి తెస్తుంది. ఇవి 5 శాతానికి మించి అటూఇటూ పోకూడదు. 12 వోల్టుల తీగ మీద 11.4 కంటే తగ్గినా, 12.6 కంటే పెరిగినా హద్దు దాటినట్టే.

సరఫరాలు నిలకడగా ఉన్నాయని తేలాక ఎస్ఎంపీఎస్ 100 నుంచి 500 మిల్లీసెకన్లు ఆగి, బూడిదరంగు తీగ మీద 'పవర్ గుడ్' అనే సంకేతం పంపిస్తుంది. అది వచ్చేదాకా ప్రాసెసర్‌ను రీసెట్‌లో పట్టి ఉంచుతారు. విడిచిపెట్టగానే అది బయోస్ చిప్‌లోని ఒక నిర్ణీత చోటికి వెళ్లి తన మొదటి ఆదేశాన్ని చదువుకుంటుంది. తర్వాత ర్యామ్ పరీక్ష, డిస్‌ప్లే, కీబోర్డు, డిస్కు, చివరికి విండోస్.

ఎక్కడ ఆగిందో చూస్తే వెతకాల్సిన చోటు చాలావరకు తెలిసిపోతుంది. బటన్ నొక్కినా ఏ ఫ్యాన్ కూడా కదలకపోతే స్టాండ్‌బై సరఫరానో, బటనో, ప్లగ్గో. ఫ్యాన్ అర చుట్టు తిరిగి ఆగితే ఎక్కడో షార్టు ఉందని ఎస్ఎంపీఎస్ తనను తాను ఆపుకుంటోంది. ఫ్యాన్లు తిరుగుతున్నా తెర నల్లగా ఉంటే ప్రాసెసర్ దగ్గరి సరఫరాను, ర్యామ్‌ను అనుమానించాలి. బీప్ శబ్దాలు వస్తే ప్రాసెసర్ బతికే ఉందని అర్థం, ఎందుకంటే ఆ బీప్ కొట్టిస్తున్నది అదే. కంపెనీ లోగో వచ్చి ఆగితే డిస్కు వైపు చూడాలి. విండోస్ చుక్కలు తిరిగి తిరిగి మళ్లీ మొదటికొస్తే సాఫ్ట్‌వేర్ కావచ్చు, డిస్కూ కావచ్చు.

ప్రతి మెట్టు దగ్గరా కొంత వెసులుబాటు ఉంటుంది. కొత్త యంత్రంలో అది ధారాళంగా ఉంటుంది కాబట్టి చలి, వేడి, లో వోల్టేజ్ దానికి లెక్కలోకి రావు. ఏళ్లు గడిచేకొద్దీ ఆ వెసులుబాటు అరిగిపోతుంది. చివరికి యంత్రం మామూలు రోజున పనిచేస్తూ, పరిస్థితి కాస్త గట్టిపడిన రోజున ఆగిపోయే అంచుకు చేరుతుంది. 'అప్పుడప్పుడు' అనే మాట వెనక ఉన్నది ఇదే.

ఆదిలాబాద్ చలి

తెలంగాణలో చలి అంటే ఆదిలాబాద్. డిసెంబరు, జనవరి నెలల్లో సిర్పూర్ (యు), తిర్యాణి వైపు తెల్లవారుజామున ఉష్ణోగ్రత 10 డిగ్రీల లోపుకు దిగడం మామూలే. కొన్ని ఏళ్లు 5 డిగ్రీల దరిదాపులకూ వెళ్తుంది. అలాంటి పొద్దున కంప్యూటర్ బటన్ నొక్కితే ఫ్యాన్ తిరుగుతుంది, తెర రాదు. ఆపి మళ్లీ నొక్కితే రాదు. మూడోసారో నాలుగోసారో వచ్చేస్తుంది. ఒకసారి వచ్చాక సాయంత్రం దాకా ఏ ఇబ్బందీ ఉండదు, ఎన్నిసార్లు రీస్టార్ట్ చేసినా వస్తుంది. పదకొండింటికి షాపు తెరిచేసరికి ఎండ ఎక్కి ఉంటుంది, అక్కడ మొదటిసారికే వస్తుంది.

ఇక్కడ అనుమానించవలసింది ఎలెక్ట్రోలైటిక్ కెపాసిటర్లను. మదర్‌బోర్డ్ మీద ప్రాసెసర్ చుట్టూ చిన్న స్తంభాల్లా నిలబడి ఉంటాయి, ఎస్ఎంపీఎస్‌లోనూ ఉంటాయి. మోటారు ఆగుతూ ఆగుతూ పోసే నీళ్లను మేడ మీది ట్యాంకు పట్టి ఉంచి, కుళాయికి ఒకే ధారగా ఇచ్చినట్టు, ఇవి ఎగుడుదిగుడుగా వచ్చే కరెంటును చదునుచేసి ఇస్తాయి. ప్రాసెసర్‌కు ఆ చదును ఎంత అవసరమో ఒక లెక్క చూడండి. 65 వాట్ల ప్రాసెసర్ సుమారు 1.2 వోల్టుల మీద నడిస్తే దానికి పారే కరెంటు 50 ఆంపియర్లకు పైమాట. ఇంటి మొత్తానికి వచ్చే సర్వీసు వైరులో కూడా మామూలుగా అంత పారదు. పైగా ఆ అవసరం సెకనులో లక్షో వంతు కాలంలో పెరుగుతుంది, తగ్గుతుంది. వోల్టేజి ఒక్క క్షణం జారినా ప్రాసెసర్ దారి తప్పుతుంది.

కెపాసిటర్ లోపల రెండు అల్యూమినియం రేకులు, వాటి మధ్య ద్రవంలో నానిన కాగితం చుట్టబడి ఉంటాయి. ఆ ద్రవమే ఎలెక్ట్రోలైట్. కరెంటును మోసేవి దానిలోని అయాన్లు. చల్లబడితే ద్రవం చిక్కబడుతుంది, అయాన్లు నెమ్మదిస్తాయి, లోపలి నిరోధం పెరుగుతుంది. మంచి కెపాసిటర్‌కు 8 డిగ్రీల చలి ఒక లెక్క కాదు. కానీ ఏళ్ల తరబడి వేడికి ద్రవం ఆవిరై సగం ఎండిపోయినదానికి అది చాలు. వోల్టేజి ఎగుడుదిగుళ్లు హద్దు దాటి ప్రాసెసర్ రీసెట్ అవుతుంది. అయితే విఫలమైన ఆ కొన్ని క్షణాల్లో కూడా కెపాసిటర్ గుండా కరెంటు పారుతుంది, ఆ నిరోధంలోనే కొంత వేడి పుడుతుంది. మూడోసారికి ద్రవం కాస్త పలచబడుతుంది, నిరోధం దిగుతుంది, యంత్రం ఆన్ అవుతుంది. "మూడుసార్లు నొక్కితే వస్తది" అని ఇంటివాళ్లు చెప్పే మాటలో భౌతికశాస్త్రం ఇంత ఉంది. ఆ మాటను మెకానిక్ విని వదిలేయకూడదు.

దీన్ని తేల్చుకునే మార్గం సులువు. పెట్టె పక్క మూత తీసి, ప్రాసెసర్ పరిసరాలకు జుట్టు ఆరబెట్టే డ్రయ్యర్‌తో కొద్దిసేపు గోరువెచ్చటి గాలి తగిలించి, దాన్ని పక్కన పెట్టాక బటన్ నొక్కాలి. చల్లటి పొద్దుల్లో మొదటిసారికి రాని యంత్రం ఇలా చేసిన ప్రతిసారీ మొదటిసారికే వస్తుంటే లోపం చలికి సంబంధించినదే. మూత తీసినప్పుడు కెపాసిటర్ల నెత్తిన చూడండి. మంచివి చదునుగా ఉంటాయి. పాడైనవి ఉబ్బుతాయి, నెత్తిన ఉండే గాటు తెరుచుకుని గోధుమరంగు మరక కనిపిస్తుంది. చదునుగా ఉన్నంత మాత్రాన బాగున్నట్టు కాదు, లోపల ఎండిపోయినా పైకి ఏమీ కనిపించకపోవచ్చు.

దొంగిలించిన ఫార్ములా

ఉబ్బిన కెపాసిటర్ల కథ మన ప్రాంతానికే పరిమితమైనది కాదు. 2000 దశకం మొదట్లో ప్రపంచమంతటా మదర్‌బోర్డులు కొన్న ఒకటి రెండేళ్లకే చచ్చిపోవడం మొదలైంది. దీనికి 'కెపాసిటర్ ప్లేగు' అని పేరు పడింది. నీరు ఎక్కువగా ఉన్న ఎలెక్ట్రోలైట్ చవక, దాని నిరోధం కూడా తక్కువ. అందుకే పరిశ్రమ అటు మళ్లింది. కానీ నీరు అల్యూమినియంతో చర్య జరిపి హైడ్రోజన్ వాయువును పుట్టిస్తుంది. ఆ చర్యను అణచే రసాయనాలు కూడా కలిపితేనే కెపాసిటర్ నిలుస్తుంది. 2002లో పరిశ్రమ పత్రికల్లో వచ్చిన కథనం ప్రకారం, జపాన్‌లోని ఒక కంపెనీ సూత్రం చేతులు మారి తైవాన్‌కు చేరింది, చేరినది అసంపూర్ణమైన సూత్రం. అణచే రసాయనాల వివరం అందులో లేదు. దొంగతనం కథలో ప్రతి వివరమూ రుజువైంది అనలేం గానీ, ఎలెక్ట్రోలైట్ లోపం మాత్రం నిజం. డెల్ కంపెనీ ఆప్టిప్లెక్స్ జీఎక్స్270, జీఎక్స్280 రకాల కంప్యూటర్లలో ఇలాంటి కెపాసిటర్లు పాడవడం వల్ల 2005లో మరమ్మతుల కోసం సుమారు 30 కోట్ల డాలర్లు లెక్కల్లో పెట్టుకోవలసి వచ్చింది. చిన్న భాగం దెబ్బకు అంత ఖర్చు.

ఆ తరం కంప్యూటర్లు ఇప్పుడు అరుదు. తర్వాతి బోర్డుల్లో ప్రాసెసర్ దగ్గర ద్రవం లేని పాలిమర్ కెపాసిటర్లు వచ్చాయి, వాటికి చలి ఇబ్బంది దాదాపు లేదు. అయినా ఎస్ఎంపీఎస్‌లలో ద్రవం ఉన్నవే ఇంకా ఎక్కువ. వాటిని ఎండబెట్టేది మన ఎండాకాలం.

లెక్క ఇలా ఉంటుంది. కెపాసిటర్ ఒంటి మీద 105 డిగ్రీలు అని రాసి ఉంటుంది, తయారీ పట్టికలో ఆ వేడి దగ్గర ఆయుష్షు 2000 గంటలు అని ఉందనుకోండి. వేడి ప్రతి 10 డిగ్రీలు తగ్గినకొద్దీ ఆయుష్షు సుమారు రెట్టింపవుతుందని ఇంజనీర్ల మోటు లెక్క. 65 డిగ్రీల దగ్గర నడిస్తే 32,000 గంటలు, అంటే రోజుకు 8 గంటల చొప్పున దాదాపు 11 ఏళ్లు. అదే 75 డిగ్రీల దగ్గర నడిస్తే సగం, ఐదున్నర ఏళ్లు. రామగుండంలో మే నెలలో బయట 45 డిగ్రీలు దాటే రోజులుంటాయి. గది వేడి పది డిగ్రీలు పెరిగితే పెట్టె లోపలి వేడి కూడా అంతకు తగ్గకుండా పెరుగుతుంది. కాబట్టి జనవరిలో చలికి బయటపడే జబ్బు అంతకుముందు ఎన్నో వేసవుల్లో పుట్టి ఉంటుంది. ఈ ప్రాంతంలో చలీ ఎండా రెండూ గట్టివే, అందుకే ఇక్కడి కంప్యూటర్లను ఇంత వివరంగా చూడవలసి వస్తుంది.

వేసవిలో మొరాయించే యంత్రం తీరు వేరు. పొద్దున ఏ గొడవా లేకుండా ఆన్ అవుతుంది, రెండు గంటలు నడిచాక ఆగుతుంది, వెంటనే నొక్కితే రాదు, అరగంట చల్లారితే వస్తుంది. హీట్‌సింక్ రెక్కల మధ్య దుమ్ము పేరుకోవడం, ప్రాసెసర్ మీది పేస్టు ఎండిపోవడం ముందుగా చూడాలి. గోదావరిఖని ఓపెన్‌కాస్టు గనుల దగ్గరి ఇళ్లలో ఆ దుమ్ము నల్లగా ఉంటుంది, సిరిసిల్ల సాంచెల దగ్గర, ఆదిలాబాద్ పత్తి మిల్లుల దగ్గర నూలు పీచు చేరి చాపలా అల్లుకుంటుంది. పీచు మరీ చెడ్డది, బ్లోయర్‌తో ఊదితే కదలదు, ఫ్యాన్ విప్పి చేత్తో తీయాలి.

రాత్రి గోడ స్విచ్ ఆపే అలవాటు

మన ఇళ్లలో పడుకునే ముందు కంప్యూటర్ గోడ స్విచ్ ఆపేస్తాం. మంచి అలవాటే, ఉరుములు మెరుపుల కాలంలో ప్లగ్గూ, ఇంటర్నెట్ కేబులూ కూడా పీకేయడం ఇంకా మంచిది. కానీ ఈ అలవాటు రెండు లోపాలను బయటపెడుతుంది.

మొదటిది ఎస్ఎంపీఎస్ స్టాండ్‌బై విభాగం. దాన్ని మొదలుపెట్టించే చిన్న కెపాసిటర్ ఎండిపోతే, నడుస్తున్నంతసేపూ ఆ వేడికే బతికి ఉంటుంది, రాత్రంతా చల్లారాక మాత్రం లేవదు. షాపులో టేబుల్ మీద ప్లగ్గు పెట్టే ఉంచుతారు కాబట్టి అక్కడ దొరకదు. దీనికి పైసా ఖర్చు లేని పరీక్ష ఉంది. వానా మెరుపూ లేని ఓ వారం రాత్రిళ్లు గోడ స్విచ్ ఆపకుండా ఉంచండి. ఆ వారమంతా పొద్దున మొదటి నొక్కుకే ఆన్ అయితే, మళ్లీ ఆపడం మొదలుపెట్టగానే మొరాయిస్తే, ఎస్ఎంపీఎస్ మార్చాల్సిందే. దాన్ని విప్పే ప్రయత్నం చేయొద్దు. లోపలి పెద్ద కెపాసిటర్‌లో 325 వోల్టుల దాకా నిల్వ ఉంటుంది, ప్లగ్గు పీకిన తర్వాత కూడా కొంతసేపు అది ప్రాణం తీయగలదు.

రెండోది మదర్‌బోర్డ్ మీద రూపాయి బిళ్లలాంటి సెల్. సీఆర్2032 అంటారు, 3 వోల్టులు. గోడ స్విచ్ వేసి ఉన్నప్పుడు గడియారానికి స్టాండ్‌బై సరఫరా అందుతుంది, ఆపితే భారమంతా ఈ సెల్ మీదే. అది అయిపోతే తేదీ ఎన్నో ఏళ్లు వెనక్కి పోతుంది, బయోస్ అమరికలు చెరిగిపోతాయి, ఏ డిస్కు నుంచి మొదలుపెట్టాలో మర్చిపోతుంది. తేదీ తప్పితే బ్రౌజర్ కూడా సైట్లు సురక్షితం కాదని హెచ్చరిస్తుంది. చాలామంది ఇంటర్నెట్ చెడిందనుకునేది ఇక్కడే. వోల్ట్‌మీటర్‌తో చూస్తే సెల్ 2.7 వోల్టుల కంటే తక్కువ చూపితే మార్చేయడమే.

వీధి చివరి ఇల్లు

రామగుండం ఎన్టీపీసీ కేంద్రం 1983 నుంచి కరెంటు పుట్టిస్తోంది, దాని పాత ఏడు యూనిట్ల సామర్థ్యం 2600 మెగావాట్లు. అయినా ఆ పొగగొట్టాలు కనిపించేంత దగ్గరి ఊళ్లో లో వోల్టేజ్ ఉండొచ్చు. కరెంటు పెద్ద లైన్లలో లక్షల వోల్టుల మీద వెళ్లి, 11 కేవీకి దిగి, వీధి ట్రాన్స్‌ఫార్మర్ దగ్గర 230 వోల్టులవుతుంది. నష్టం ఎక్కువగా కనిపించేది అక్కడినుంచి ఇంటిదాకా వచ్చే ఎల్‌టీ (లో టెన్షన్) తీగలో. వీధిలో మొదటి ఇంటికి 230 ఉంటే, మోటార్లు నడిచే వేళ చివరి ఇంటికి 170 మాత్రమే ఉండొచ్చు.

170 వోల్టుల మీద కంప్యూటర్ ఆన్ అవుతుంది, అందుకే ఎవరూ పట్టించుకోరు. కానీ ఎస్ఎంపీఎస్ ముందు భాగంలోని పెద్ద కెపాసిటర్ నిల్వచేసే శక్తి వోల్టేజి వర్గాన్ని బట్టి ఉంటుంది. 170 వర్గాన్ని 230 వర్గంతో భాగిస్తే 0.55 వస్తుంది. నిల్వ దాదాపు సగానికి పడిపోయిందన్నమాట. కరెంటు క్షణకాలం పోయినా తట్టుకుని నిలబడే సమయం పూర్తి వోల్టేజి దగ్గర 16 మిల్లీసెకన్ల దాకా ఉండాలి, ఇప్పుడు అది అందులో సగం కూడా ఉండదు, ఎందుకంటే నిల్వలో అడుగు భాగం ఎలాగూ వాడుకోవడానికి పనికిరాదు. యూపీఎస్ బ్యాటరీకి మారడానికి కొన్ని మిల్లీసెకన్లు తీసుకుంటుంది. "యూపీఎస్ ఉన్నా కరెంటు పోంగనే రీస్టార్ట్ అయితది" అనే ఇళ్లలో సాయంత్రం వోల్టేజి ఎంత ఉందో ముందు కొలవాలి. యాక్టివ్ పీఎఫ్‌సీ ఉన్న కాస్త ఖరీదైన ఎస్ఎంపీఎస్‌లు లోపలే వోల్టేజిని పైకెత్తుకుంటాయి. లో వోల్టేజ్ ఊళ్లకు అవే సరైనవి.

ఇంటికంతా ఇన్వర్టర్ ఉన్నచోట దాని వెనక యూపీఎస్ మోడ్ స్విచ్ ఉందేమో చూడండి. మామూలు మోడ్‌లో అది నెమ్మదిగా మారుతుంది, ఫ్యాన్లకు తెలియదు, కంప్యూటర్‌కు తెలుస్తుంది. చవక ఇన్వర్టర్లతో మరో చిక్కు. మామూలు కరెంటు తరంగానికి శిఖరం 325 వోల్టుల దగ్గర ఉంటుంది, ఎస్ఎంపీఎస్ నింపుకునేది ఆ శిఖరం నుంచే. చదరపు తరంగం ఇచ్చే ఇన్వర్టర్ మీద శిఖరం 230 దగ్గరే ఆగిపోతుంది, కాబట్టి నింపుకునే నిల్వ కూడా తగ్గుతుంది.

వోల్టేజి పడిపోయే ఈ వేళలకు మన జిల్లాల్లో స్పష్టమైన లయ ఉంది. ఆగిన స్థితి నుంచి లేచేటప్పుడు మోటారు మామూలు కంటే ఐదారు రెట్లు ఎక్కువ కరెంటు లాగుతుంది. సిరిసిల్లలో 1970లో ఏర్పడిన సహకార విద్యుత్ సంఘం సెస్ ఇప్పటికీ ఆ ప్రాంతానికి కరెంటు ఇస్తోంది, అక్కడ భారం సాంచెలది. పల్లెల్లో భారం బోర్లది. 2018 జనవరి 1 నుంచి వ్యవసాయానికి 24 గంటల కరెంటు మొదలైనప్పుడు ఆటో స్టార్టర్లు తీసేయమని ప్రభుత్వం రైతులను పదేపదే కోరింది. ఆటో స్టార్టర్ ఉంటే కరెంటు వచ్చిన క్షణమే మోటార్లన్నీ కలిసి లేస్తాయి, వోల్టేజి ఒక్కసారిగా కూలుతుంది. సరిగ్గా అదే క్షణంలో, కరెంటు వచ్చిందని, మనమూ కంప్యూటర్ బటన్ నొక్కుతాం. డిస్కు మోటారు తిరగడం మొదలుపెట్టేది, 12 వోల్టుల తీగ మీద భారం గరిష్ఠంగా ఉండేది కూడా అప్పుడే. కరెంటు వచ్చాక ఐదు నిమిషాలు ఆగి నొక్కితే చాలా ఇళ్లలో సగం సమస్య ఉండదు. యాసంగిలో మొరాయించి వానాకాలంలో బాగుండే యంత్రాన్ని చూస్తే నేను ముందు అడిగేది బోరు మోటార్ల గురించే.

పెట్టె ముట్టుకుంటే జిల్లుమంటుందా?

చెప్పులు లేకుండా నిలబడి పెట్టె వెనక ఇనుప భాగం తాకితే సన్నగా జిల్లుమనడం చాలా ఇళ్లలో ఉన్నదే. ఇది చాలావరకు లీకేజీ లోపం కాదు, ఎర్తు లేకపోవడం. రేడియో గోలను అణచడానికి ఎస్ఎంపీఎస్‌లో ఫేజ్ నుంచి పెట్టెకు, న్యూట్రల్ నుంచి పెట్టెకు రెండు చిన్న కెపాసిటర్లు ఉంటాయి. ఎర్తు తీగ నిజంగా భూమికి కలవకపోతే పెట్టె ఆ రెంటి నడుమ, సుమారు 115 వోల్టుల దగ్గర తేలుతుంది. కరెంటు అతి తక్కువ కాబట్టి మామూలుగా ప్రాణాపాయం ఉండదు. కానీ వేరే ప్లగ్గు నుంచి నడిచే ప్రింటరో, టీవీ కేబులో తగిలించినప్పుడు ఆ వోల్టేజి సన్నని సిగ్నల్ తీగల గుండా దారి వెతుక్కుంటుంది. పోర్టులు కాలడం, కంప్యూటర్ అకారణంగా రీసెట్ కావడం చూస్తాం.

ఆదిలాబాద్ పత్తి నేలల్లో ఎర్తింగ్‌ది ప్రత్యేక సమస్య. నల్లరేగడి తడిగా ఉన్నప్పుడు కరెంటును చక్కగా మోస్తుంది. ఎండితే కుంచించుకుని బెత్తెడు వెడల్పున పగుళ్లు ఇస్తుంది, పాతిన పైపుకూ మట్టికీ మధ్య ఖాళీ ఏర్పడుతుంది. వానాకాలంలో పనిచేసిన ఎర్తు ఏప్రిల్‌లో పనిచేయదు. గుంటలో బొగ్గు, ఉప్పు వేసి, వేసవిలో వారానికోసారి రెండు బిందెల నీళ్లు పోయడం పాత ఎలక్ట్రీషియన్లు చెప్పే పద్ధతి, అది శాస్త్రానికి సరిపోతుంది. వోల్ట్‌మీటర్‌తో న్యూట్రల్‌కూ ఎర్తుకూ మధ్య చూస్తే రెండు మూడు వోల్టులకు మించకూడదు. ఈ కొలత తెలిసినవాళ్లతోనే చేయించండి.

ర్యామ్ తుడవడం గురించి ఒక మాట. పెట్టె వేడెక్కి చల్లారినప్పుడల్లా ర్యామ్ కాళ్లు సాకెట్‌లో వెంట్రుక వాసి కదులుతాయి, ఆ రాపిడికి పూత అరిగి సన్నని ఆక్సైడు పొర ఏర్పడుతుంది. తీసి పెడితే ఆ పొర గీసుకుపోయి పని జరుగుతుంది, అందుకే షాపు వైద్యం కొన్నాళ్లు పనిచేస్తుంది. పెన్సిల్ రబ్బరుతో గట్టిగా రుద్దడం మాత్రం మానాలి. ఆ బంగారు పూత మైక్రాన్ కూడా లేని మందం. ఐసోప్రొపైల్ ఆల్కహాల్ తడిపిన గుడ్డతో తుడిస్తే చాలు.

యంత్రం రాసుకునే డైరీ

ఎప్పుడు మొరాయించిందో రాసుకోమంటే చాలామంది రాయరు. అదృష్టవశాత్తు విండోస్ రాస్తుంది. ఈవెంట్ వ్యూయర్ అనేది తెరిచి సిస్టమ్ లాగ్‌లో 41 సంఖ్య ఉన్న 'కెర్నెల్-పవర్' నమోదులు వెతకండి. సరిగ్గా షట్‌డౌన్ కాకుండా కంప్యూటర్ ఆగిపోయి మళ్లీ లేచిన ప్రతిసారీ తేదీ, సమయంతో ఒకటి పడుతుంది. విండోస్ దాకా రాకుండా ఆగిన నొక్కులు ఇందులో ఉండవు, వాటిని క్యాలెండర్ మీద మీరే గీత గీసుకోవాలి. నెల తర్వాత రెండూ పక్కపక్కన పెట్టి చూస్తే చాలాసార్లు జవాబు కళ్లకు కడుతుంది: అన్నీ పొద్దున ఏడు లోపు, లేదా అన్నీ సాయంత్రం ఆరూ తొమ్మిదీ మధ్య, లేదా అన్నీ ప్రింటర్ వాడిన రోజుల్లో.

మరో చిన్న పరీక్ష. విండోస్ 8 నుంచి ఫాస్ట్ స్టార్టప్ అనే ఏర్పాటు ఉంది. షట్‌డౌన్ నొక్కినా సిస్టమ్ కొంత భాగాన్ని డిస్కులో దాచి, మర్నాడు దాన్నే తిరిగి ఎత్తుకుంటుంది. రీస్టార్ట్ మాత్రం అన్నీ మొదటినుంచి చేస్తుంది. షట్‌డౌన్ తర్వాత విండోస్ దగ్గర ఇరుక్కునే యంత్రం రీస్టార్ట్‌లో ఎప్పుడూ ఇరుక్కోకపోతే, ముందు ఫాస్ట్ స్టార్టప్ ఆపి చూడండి.

ఒక్కోసారి ఒక్కటే మార్చండి. కొత్త ఎస్ఎంపీఎస్, కొత్త ర్యామ్, కొత్త సెల్ ఒకే రోజు వేయించి బాగైతే దేనివల్ల బాగైందో ఎప్పటికీ తెలియదు, ఖర్చు మాత్రం మూడింటిదీ పడుతుంది. కీబోర్డు, మానిటర్ తప్ప యూఎస్‌బీకి తగిలించినవన్నీ పీకేసి మొదలుపెట్టడం మంచిది. సొంత అడాప్టర్ ఉన్న చవక యూఎస్‌బీ హబ్ వెనక నుంచి మదర్‌బోర్డ్‌లోకి 5 వోల్టులు ఎక్కించి, దాన్ని సరిగ్గా రీసెట్ కానివ్వకపోవడం తరచు జరిగేదే.

బాగైందని ఎప్పుడు నమ్మాలి? రిపేరు చేసినవాళ్లూ, చేయించుకున్నవాళ్లూ ఇద్దరూ తప్పటడుగు వేసేది ఇక్కడే. నాలుగు నొక్కుల్లో ఒకసారి మొరాయించే యంత్రం ఏమీ చేయకపోయినా వరుసగా మూడుసార్లు ఆన్ అయ్యే అవకాశం 0.75 ఘనం, అంటే 42 శాతం. షాపులో మూడుసార్లు ఆన్ చేసి చూపించడం రుజువు కాదు. ఆ అవకాశం 5 శాతం కంటే తగ్గాలంటే వరుసగా 11 సార్లు ఆన్ కావాలి. పదింటిలో ఒకసారి మొరాయించేదైతే 29 సార్లు. మోటుగా చెప్పాలంటే ఎన్ని నొక్కులకు ఒకసారి మొరాయించేదో ఆ సంఖ్యను మూడుతో హెచ్చవేయండి, అన్నిసార్లు వరుసగా తప్పకుండా వస్తేనే బాగైనట్టు. ఆ నొక్కులు కూడా అదే గదిలో, అదే ప్లగ్గు మీద, అదే వేళకు వేసినవే లెక్కకొస్తాయి. మధ్యాహ్నం వేసిన 29 నొక్కులు తెల్లవారుజాము జబ్బు గురించి ఏమీ చెప్పవు.

కాబట్టి షాపుకు ఇచ్చేటప్పుడు పెట్టెతో పాటు ఒక కాగితం ఇవ్వండి: ఏ వేళకు మొరాయిస్తోంది, ఎన్నో నొక్కుకు వస్తోంది, ఫ్యాన్ తిరుగుతోందా, ఏ మెట్టు దగ్గర ఆగుతోంది, ఆ సమయంలో గోడ ప్లగ్గులో వోల్టేజి ఎంత, రాత్రి స్విచ్ ఆపుతారా లేదా. వీలైతే రాత్రి అక్కడే ప్లగ్గు తీసి ఉంచి, పొద్దున షాపు తెరవగానే మొట్టమొదట దాన్నే నొక్కి చూడమని అడగండి. చలికి మొరాయించిన యంత్రాన్ని ఫిబ్రవరిలో బాగుచేయిస్తే, నిజంగా బాగైందో లేదో తేలడానికి మళ్లీ డిసెంబరు రావాలి. ఈలోగా పిల్లల సర్టిఫికెట్లు, పొలం కాగితాలు, ఫొటోలు వేరే డిస్కులోకి ఎక్కించి పెట్టుకోండి. రిపేరుకు ఇచ్చే ముందు చేయవలసిన మొదటి పని కూడా అదే.